హైదరాబాద్ – దుబాయ్: పోను రెండున్నర గంటలు, రాను ఐదు గంటలా?

సిరిసిల్ల_అనూష
నవంబరు 17, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు, అల్ ఖుసైస్‌లో ఉంటారు. డిసెంబరు చివర్లో అత్తమ్మ, మామయ్య అక్కడికి వెళ్తున్నారు. ఇద్దరికీ విమానం ఇదే మొదటిసారి. టికెట్ ప్రింట్ తీసి చేతికిచ్చినప్పటి నుంచి మామయ్యకు ఒకటే అనుమానం. పోయేటప్పుడు శంషాబాద్‌లో పొద్దున 10:00కి బయలుదేరితే దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కి దిగుతారు. వచ్చేటప్పుడు అక్కడ 1:30కి బయలుదేరితే ఇక్కడ సాయంత్రం 6:25. "పోను రెండున్నర గంటలు, రాను ఐదు గంటలా? వచ్చేటప్పుడు ఎటెటో తిప్పి తీసుకొస్తరా?" అంటున్నారు.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక అని చెప్పి, కాగితం మీద లెక్కేసి చూపించాను. పోను 4:00, రాను 3:25 వచ్చింది. "అయితే ఇప్పుడు పోయేదే ఎక్కువైందేంది?" అన్నారు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసిన మనిషి, మీటరు లెక్క కూడా తప్పనివ్వరు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నెట్‌లో చూస్తే దూరం 2,550 కి.మీ., ప్రయాణం 3 గంటల 10 నిమిషాలు అని ఉంది. ఇంకో యాప్‌లో నిన్నటి విమానం 3 గంటల 32 నిమిషాల్లో చేరిందని ఉంది. టికెట్ మీద 4:00. ఏది నమ్మాలి? మామయ్యకు షుగర్ ఉంది, టైంకి తినాలి, టైంకి మందు వేసుకోవాలి. నా టెన్షన్ అదీ. సిరిసిల్ల నుంచి ఎన్నింటికి బయలుదేరాలో కూడా చెప్పండి.


దేరా_శ్రీను
నవంబరు 17, రాత్రి 10:15

చెల్లె, మామయ్య బాగా పట్టిండు. ఇక్కడికొచ్చి ఏళ్లు గడిచినోళ్లు కూడా టికెట్ మీది టైం చూసి "రెండున్నర గంటల్లో దుబాయ్" అని ఇంటికి ఫోన్లు చేస్తరు. టికెట్ మీద ఏ ఊరి పక్కన ఏ టైం ఉంటే అది ఆ ఊరి టైం. అది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

నేను చూసినంతలో చలికాలం పోయేటప్పుడు ఎప్పుడూ ఎక్కువే, వచ్చేటప్పుడు తక్కువే. గాలి వల్ల అంటరు. ఎట్లనో తెలిసినోళ్లు చెప్తరు. రాడార్ తాత ఉన్నడు కదా.


బెజవాడ_కుర్రాడు
నవంబరు 17, రాత్రి 10:31

గాలి కాదండీ, భూమి. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. మనం దుబాయ్ వైపు, అంటే పడమరకి పోతుంటే దుబాయ్ మన వైపే వస్తుంది. కాబట్టి పోను తక్కువ పట్టాలి. అనూష గారి టికెట్‌లో ఎక్కడో ప్రింటింగ్ తప్పు ఉంది 😀


లెక్కల_మాస్టారు
నవంబరు 18, ఉదయం 6:05

ముందు దూరం సంగతి తేలుద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

2,550 కి.మీ. అన్నది శంషాబాద్ విమానాశ్రయానికీ దుబాయ్ విమానాశ్రయానికీ మధ్య భూగోళం మీద లాగిన అతి దగ్గరి గీత. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని నేనే లెక్క కట్టాను, 2,547 వచ్చింది. విమానాల వాళ్ల భాషలో 1,375 నాటికల్ మైళ్లు. అందాజుకి చెప్పాలంటే ఇక్కడి నుంచి ఢిల్లీ 1,265 కి.మీ., దానికి రెండింతలు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. శంషాబాద్ నుంచి ముంబై విమానాశ్రయం 622 కి.మీ. ముంబై నుంచి దుబాయ్ 1,927. రెండూ కలిపితే 2,549. అంటే ముంబైలో దిగి వెళ్లినా రెండు మూడు కిలోమీటర్లే ఎక్కువ! ఆ గీత ముంబైకి కొంచెం ఉత్తరంగా తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా మస్కట్‌కి పైవైపు నుంచి వెళ్లి దుబాయ్ చేరుతుంది. మామయ్యగారికి చెప్పండి, ఎటూ తిప్పడానికి అవకాశం లేని దారి ఇది. దాదాపు గీత గీసినట్టు ఉంటుంది.

వెబ్‌సైట్లు చూపించే 3:10 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. 2,547 కి.మీ. అంటే 1,583 మైళ్లు. గంటకు 500 మైళ్లు అనుకుని భాగిస్తే సరిగ్గా 3 గంటల 10 నిమిషాలు. అంతే, ఇంకేమీ లేదు. ఆ సైట్లకి విమానమూ తెలియదు, గాలీ తెలియదు. ఆ అంకెను పక్కన పడేయండి.


దేరా_శ్రీను
నవంబరు 18, ఉదయం 8:20

మాస్టారూ, ముంబై దారిలోనే ఉందని ఇన్నేళ్లకు తెలిసింది! మా నాయిన కాలంలో దుబాయ్ పోవుడంటే ముందు బొంబాయి పోవుడే. నాంపల్లిల రైలెక్కి, బొంబాయిల ఏజెంటు ఆఫీసు చుట్టూ తిరిగి, వీసా కాగితం వచ్చేదాకా లాడ్జిల పడుకుని, ఆఖరికి విమానం. కిలోమీటర్లు పెరగలేదంటున్నరు గానీ ఆ దారిల రోజులు పోయినయి, కొందరికి పైసలు కూడా పోయినయి. ఇప్పటికీ ముంబై మీదుగా టికెట్ కొంచెం చౌకగా దొరుకుతుంది. మధ్యలో ఐదారు గంటలు కూర్చోబెడుతరు. మొదటిసారి పోయే పెద్దమనుషులకు వద్దు. అనూష డైరెక్ట్ తీసుకుని మంచి పని చేసింది.


రాడార్_తాతయ్య
నవంబరు 18, ఉదయం 11:10

అనూషా, నేను ఏటీసీలో, అంటే నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే చోట, పనిచేసి రిటైరైనవాణ్ణి. మొదట బేగంపేటలో, 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కి మారాక అక్కడ. నువ్వు రాసిన మూడు అంకెల్లో 3:10 సంగతి మాస్టారు తేల్చేశారు. మిగతా రెండూ నిజమే, కాకపోతే రెండూ వేర్వేరు సంగతులు కొలుస్తున్నాయి.

యాప్‌లో నువ్వు చూసిన 3:32 చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకే దాకా. టికెట్ మీద నాలుగు గంటలు దాన్ని దాటి ఉంటుంది. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క. మేం దాన్ని బ్లాక్ టైం అంటాం, చక్రాల కింద పెట్టే దిమ్మలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టే దాకా. ఇందులో వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, ముందు రెండు మూడు విమానాలుంటే వరుసలో ఆగడం, దుబాయ్‌లో దిగాక గేటు దాకా పోవడం అన్నీ ఉంటాయి. దుబాయ్ చాలా రద్దీ విమానాశ్రయం, దిగేముందు గాల్లో గుండ్రంగా తిప్పి ఆపడం మామూలే. కంపెనీలు ఇవన్నీ చూసుకుని, ఇంకాస్త కలిపి టికెట్ మీద వేస్తాయి. వేసిన టైంకి 15 నిమిషాల లోపు చేరితే ఆ విమానం "సమయానికి వచ్చింది" అని లెక్క. అందుకని కొంచెం ఎక్కువ వేసుకోవడం వాళ్లకీ మంచిదే.

షుగర్ మందు విషయానికైతే టికెట్ టైం పట్టుకో.

ఇప్పుడు గాలి. చలికాలంలో మన ఉత్తర భారతం మీద, హిమాలయాలకి దక్షిణంగా, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. దాని నడిమి ధార 25–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉంటుంది. దుబాయ్ 25 డిగ్రీల మీదే ఉంది. హైదరాబాద్ నుంచి బయలుదేరిన విమానం వాయవ్యంగా పోతూ పోతూ ఆ గాలికి ఎదురెళ్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. రాజమండ్రి నుంచి పాపికొండలకి లాంచీ ఎక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఎదురు వెళ్లేటప్పుడు ఇంజను అంతే తిరుగుతుంది, ఒడ్డు మాత్రం కదలదు.

బెజవాడ కుర్రాడికి: భూమితోపాటు గాలీ తిరుగుతోంది నాయనా, ఆ గాల్లోనే విమానం ఉంది. నువ్వన్నదే నిజమైతే శంషాబాద్ మీద హెలికాప్టర్ని గాల్లో నిలబెట్టి ఊరుకుంటే చాలు. మన అక్షాంశం దగ్గర భూమి గంటకు దాదాపు 1,600 కి.మీ. తిరుగుతుంది. అరగంట కాకముందే కింద ముంబై రావాలి. పెట్రోలు ఖర్చు మిగిలేది.


బెజవాడ_కుర్రాడు
నవంబరు 18, ఉదయం 11:26

తాతగారూ, ఆ హెలికాప్టర్ ఐడియాకి నేను పెట్టుబడి పెడతాను.


లెక్కల_మాస్టారు
నవంబరు 18, మధ్యాహ్నం 1:45

రాడార్ గారు చెప్పినదానికి అంకెలు తగిలిస్తాను.

ఎయిర్‌బస్ 320 లాంటి చిన్న విమానం పైన గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోతుంది అనుకుందాం. గాలి లేకపోతే 2,550 కి.మీ.కి 3 గంటల 4 నిమిషాలు. ఎదురుగాలి గంటకు 120 కి.మీ. ఉంటే నేల మీద లెక్కకి వేగం 710, టైం 3:35. వచ్చేటప్పుడు 950, టైం 2:41. రెండింటికీ తేడా దాదాపు యాభై నాలుగు నిమిషాలు. పైకెక్కడం, దిగడం, నేల మీద నడక కలుపుకుంటే మీ టికెట్ మీది 4:00, 3:25లకి దగ్గరగానే వస్తుంది. తేడా ముప్పై అయిదు నిమిషాలకి తగ్గిందంటే, టికెట్ టైం ఒక్క రోజు గాలిని బట్టి వేసేది కాదు. సీజన్ అంతటికీ కలిపి వేస్తారు.

పిల్లలకి నేను ఇచ్చే చిక్కు ప్రశ్న కూడా ఇందులో ఉంది. పోయేటప్పుడు గాలి తిన్న టైం, వచ్చేటప్పుడు తిరిగిచ్చేస్తుందా? ఇవ్వదు. గాలి లేకపోతే రాకపోకలకి 6:08. గాలి ఉంటే 3:35, 2:41 కలిపి 6:16. ఎనిమిది నిమిషాలు గాలి మింగేసింది. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం. తరగతిలో సగం మంది నమ్మరు.


షార్జా_సునీత
నవంబరు 18, మధ్యాహ్నం 3:30

జూలైలో నేను పిల్లలతో హైదరాబాద్ నుంచి తిరిగొచ్చినప్పుడు విమానం టైం కంటే చాలా ముందే దిగింది. ఎదురుగాలి అయితే అలా ఎలా?


లెక్కల_మాస్టారు
నవంబరు 18, మధ్యాహ్నం 3:52

సునీత గారూ, చాలా మంచి ప్రశ్న అడిగారు. వానాకాలంలో ఈ గాలి తిరగబడుతుంది!

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పడమటి జెట్ హిమాలయాలకి ఉత్తరంగా తప్పుకుంటుంది. దక్షిణ భారతం మీద, ఇంకా పైన, తూర్పు నుంచి పడమరకి వీచే జెట్ ఏర్పడుతుంది. నైరుతి రుతుపవనాలతోపాటే వచ్చి వాటితోపాటే పోతుంది. దీన్ని ప్రపంచానికి వివరంగా చెప్పింది మన తెలుగాయనే, పి. కోటేశ్వరం గారు. ఆయన వ్యాసం 1958లో వచ్చింది. తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. మన స్కూలు పుస్తకాల్లో ఆయన పేరు కనిపించదు, అదొక బాధ నాకు.

ఆ తూర్పు గాలి బలమంతా 10–15 డిగ్రీల అక్షాంశాల దగ్గర, విమానాలు ఎగిరే ఎత్తుకి కొంచెం పైన ఉంటుంది. హైదరాబాద్–దుబాయ్ దారికి దాని అంచు మాత్రమే తగులుతుంది. అయినా ఎదురుగాలి పోయి కాస్త వెనకగాలి దొరకడమే పెద్ద తేడా. జూలై, ఆగస్టుల్లో రాకపోకల టైం దాదాపు సమానమవుతుంది, కొన్ని రోజులు పోయేదే తక్కువ కావచ్చు.


రాడార్_తాతయ్య
నవంబరు 18, సాయంత్రం 5:00

మాస్టారు చెప్పింది నిజం. ఏటీసీలో మాకు ఇది కళ్లముందు కనిపించేది. జనవరిలో పడమరకి పోయే విమానం ముంబై వాళ్లకి అప్పజెప్పే లోపు టీ తాగి రావచ్చు. ఆగస్టులో అంత తీరిక ఉండేది కాదు.

ఇంకో చిన్న సంగతి. నేల మీద గాలి, పైన గాలి ఒకటి కావు. చలికాలంలో శంషాబాద్ నేల మీద తూర్పు గాలి ఉన్న రోజు విమానం తూర్పుకే లేవాలి, ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేస్తుంది. లేచాక మళ్లీ వెనక్కి తిరిగి పడమర పట్టాలి. కొన్ని నిమిషాలు అక్కడే పోతాయి. దుబాయ్‌కి అని ఎక్కితే కిటికీలోంచి విజయవాడ రోడ్డు వైపు పోతున్నట్టు కనిపిస్తే మామయ్యగారు కంగారు పడకుండా ముందే చెప్పు.

ఎత్తు కూడా గమనించమను. పడమరకి పోయేటప్పుడు 36,000, 38,000 అడుగుల్లాంటి సరి వేలు. తిరిగి వచ్చేటప్పుడు 35,000, 37,000, బేసి వేలు. ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తున లేకుండా పెట్టుకున్న నియమం.


కూకట్‌పల్లి_ఫణి
నవంబరు 18, రాత్రి 8:10

2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేసింది కదా. దానివల్ల ఈ దారి పెరగలేదా? ఢిల్లీ నుంచి దుబాయ్ వెళ్లే మా కొలీగ్ చాలా తిట్టుకున్నాడు.


రాడార్_తాతయ్య
నవంబరు 18, రాత్రి 8:40

ఢిల్లీ వాళ్ల దారి వేరు బాబూ. ఢిల్లీ నుంచి దుబాయ్‌కి గీత గీస్తే పాకిస్తాన్ మీదుగానే పోతుంది. మూసేస్తే గుజరాత్ దాకా కిందికి దిగి సముద్రం పట్టాలి. హైదరాబాద్ వాళ్లకి ఆ ఇబ్బంది లేదు. మన దారి ముంబై ఏటీసీ పరిధిలో తీరం దాటి, సముద్రం మీద మస్కట్ వాళ్ల చేతికి పోయి, అక్కడి నుంచి ఎమిరేట్స్ వాళ్లకి చేరుతుంది. పాకిస్తాన్ గగనతలం అవసరమే రాదు.


ఫ్రిస్కో_వాసు
నవంబరు 18, రాత్రి 11:55

మీరు ముప్పై అయిదు నిమిషాల గురించి మాట్లాడుకుంటున్నారు. మాకు దుబాయ్ దాకా రావడం సగం కూడా కాదు. దుబాయ్ నుంచి డల్లాస్ దాదాపు 12,900 కి.మీ., పదహారు గంటలు. అక్కడ గాలి తేడా ఇంకా


మోడరేటర్
నవంబరు 19, ఉదయం 7:00

వాసు గారూ, మీ పోస్టు మిగతా భాగాన్ని "అమెరికా ప్రయాణాలు" విభాగంలోకి మార్చాను. అక్కడ డల్లాస్ మీద ఇప్పటికే రెండు చర్చలు నడుస్తున్నాయి. ఇక్కడ అనూష గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు: సిరిసిల్ల నుంచి ఎన్నింటికి బయలుదేరాలి?


దేరా_శ్రీను
నవంబరు 19, ఉదయం 8:30

అవును, అసలుది వదిలేసి అందరూ ఆకాశంల తిరుగుతున్నరు.

చెల్లె, సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టి, శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ దిగాలె. కార్ల మూడున్నర నుంచి నాలుగు గంటలు. అంటే విమానంల కూర్చునే టైమే రోడ్డు మీద కూడా కూర్చుంటరు. పది గంటల విమానానికి ఏడింటికి అక్కడుండాలె. రాత్రి మూడింటికి ఇల్లు వదలాలె. రెండున్నరకైతే ఇంకా మంచిది, డిసెంబరుల పొద్దున సిద్దిపేట దాటినంక పొగమంచు ఉంటది, డ్రైవరును తొందరపెట్టొద్దు.

బస్సుల పోవాలనుకుంటే ముందు రోజు రాత్రి సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు చేరి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు. పెద్దోళ్లకు, సామాన్లతోని అంత బాగుండదు.


షార్జా_సునీత
నవంబరు 19, ఉదయం 9:15

శ్రీను అన్నయ్యా, రాత్రి రెండున్నరకి షుగర్ ఉన్న మనిషిని నిద్ర లేపి నాలుగు గంటలు కారులో కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. ముందు రోజు సాయంత్రమే హైదరాబాద్ వచ్చి బంధువుల ఇంట్లోనో, శంషాబాద్ దగ్గర లాడ్జిలోనో పడుకుంటే హాయి. లాడ్జి డబ్బులు ఒక రాత్రివే కదా.


దేరా_శ్రీను
నవంబరు 19, ఉదయం 9:40

అక్కా, లాడ్జిల ఆయనకు నిద్ర పడుతదా? కొత్త చోటు, పొద్దున విమానం అని పొద్దుందాకా లేచే ఉంటరు. మావోళ్లంతా అంతే. ఇంట్లనే ఎనిమిదింటికి పండుకొని రెండింటికి లేస్తే సరిపోతది.


సిరిసిల్ల_అనూష
నవంబరు 19, ఉదయం 10:20

మీ ఇద్దరి మాటలూ చదివి వినిపించాను. మామయ్య శ్రీనన్న వైపు, అత్తమ్మ సునీతక్క వైపు 🙂 ఉప్పల్‌లో మా ఆడబిడ్డ ఉంటుంది, ముందు రోజు అక్కడికి వెళ్లేలా ఒప్పించాను. మూడు గంటల ముందు వెళ్లడం నిజంగా అవసరమా? ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేసేస్తే సరిపోదా?


షార్జా_సునీత
నవంబరు 19, ఉదయం 11:05

అవసరమే అనూషా. ఆన్‌లైన్‌లో చేసినా సామాన్లు కౌంటర్లో వేయాలి, ఆ కౌంటర్లు విమానానికి గంట, గంటంపావు ముందే మూసేస్తారు. తర్వాత ఇమ్మిగ్రేషన్ వరుస, సెక్యూరిటీ. గల్ఫ్ విమానాల దగ్గర ఇమ్మిగ్రేషన్ నెమ్మదిగా కదులుతుంది. పనికి వెళ్లేవాళ్ల కాగితాలు, ఈసీఆర్ (పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టులు ఒక్కొక్కటీ చూస్తారు.

ఇద్దరికీ వీల్‌చైర్ ఇప్పుడే అడిగి పెట్టండి. నడవగలరు కదా అనుకోవద్దు. దుబాయ్‌లో గేటు నుంచి బయటికి చాలా నడక, వీల్‌చైర్ వాళ్లు వరుసల్లోంచి కూడా దాటించి తీసుకొస్తారు. దిగాక బయటికి రావడానికి గంట వేసుకోండి. మీ ఆయన్ని టెర్మినల్ నంబరు సరిగ్గా చూసుకోమనండి. ఒక కంపెనీ ఒకటో టెర్మినల్, ఇంకోటి రెండు, ఎమిరేట్స్ అయితే మూడు. రెండో టెర్మినల్ రన్‌వేలకి అవతలి వైపు ఉంటుంది, అక్కడి నుంచి మూడుకి చుట్టూ తిరిగి రావాలి.

మందులకి: ఆ రోజంతా మామయ్యగారి చేతి గడియారం ఇండియా టైంలోనే ఉంచండి. దుబాయ్‌లో 12:30 అంటే ఆయన ఒంటికి మధ్యాహ్నం రెండు. ఇంటికి చేరి కూర్చునేసరికి మన నాలుగు. మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుంది కాబట్టి విమానంలో తినేలా చూడండి. ఏ మందు ఎప్పుడన్నది డాక్టరుని అడిగి, ఇండియా టైం ప్రకారమే కాగితం మీద రాయించండి. మందుల చీటీ చేతి సంచిలో ఉండాలి.

అత్తమ్మగారు మసాలా పొడులు కడతారేమో చూడండి. గసగసాలు అసలు పెట్టొద్దు! ఇక్కడ అవి నిషేధం. మసాలా పొడిలో కలిసి ఉన్నా గొడవే.


సిరిసిల్ల_అనూష
నవంబరు 19, ఉదయం 11:30

అయ్యో, కోడి కూర మసాలా ఇప్పటికే నూరి డబ్బాలో పెట్టింది. తీసేయిస్తాను. మంచి టైంకి చెప్పారు అక్కా.


బెజవాడ_కుర్రాడు
నవంబరు 19, మధ్యాహ్నం 12:15

మా విజయవాడ నుంచి 2022 అక్టోబరు 31న షార్జాకి విమానం మొదలైనప్పుడు మా బాబాయ్ ఒకటే సంబరం. అంతకుముందు గన్నవరం పక్కనే ఉండి కూడా హైదరాబాద్ దాకా కారు మీద వెళ్లి ఎక్కేవాడు. హైదరాబాద్ కంటే విజయవాడ ఇంకాస్త తూర్పుకి, గాల్లో దూరం ఎక్కువే. అయినా ఇంటి నుంచి ఇంటికి లెక్కేసుకుంటే ఆయనకి ఎన్నో గంటలు కలిసొచ్చాయి. ఇది భూమి తిరగడం వల్ల కాదని ఒప్పుకుంటాను తాతగారూ.


రాడార్_తాతయ్య
నవంబరు 19, మధ్యాహ్నం 2:30

సంతోషం నాయనా.

అనూషా, విమానం ఏ రకమో టికెట్ మీద ఉంటుంది. 777 లాంటి పెద్దదైతే పైన గంటకు 900 దాకా పోతుంది, చిన్నదానికంటే పదిహేను నిమిషాలు కలిసొస్తుంది. టికెట్ టైంలో మాత్రం పెద్ద తేడా కనిపించకపోవచ్చు, మిగిలిన నిమిషాలు రద్దీకి పోతాయి.

డిసెంబరులో దుబాయ్‌కి పొగమంచు కూడా ఉంటుంది. తెల్లవారుజామున దిగే విమానాలకి దాని దెబ్బ ఎక్కువ. మీది మధ్యాహ్నం కాబట్టి మంచు విడిపోతుంది. కానీ పొద్దున ఆలస్యమైన విమానాలన్నీ అదే టైంకి దిగుతుంటే కాస్త ఆగాల్సి రావచ్చు. 2024 ఏప్రిల్ 16న అక్కడ కురిసిన వాన గుర్తుందిగా, రన్‌వేలు చెరువులయ్యాయి. అలాంటిది ఎప్పుడో గానీ రాదు. అయినా బయలుదేరే ముందు విమానం సంగతి ఒకసారి చూసుకోవడం మంచి అలవాటు.


సిరిసిల్ల_అనూష
డిసెంబరు 23, రాత్రి 8:50

క్షేమంగా చేరారు! మా ఆయన కాదు, మామయ్యే ఫోన్లో అంతా చెప్పారు. రాసుకున్నారట.

విమానం గేటు దగ్గర కదిలింది 10:18. లేచింది 10:35. తాతగారు చెప్పినట్టే ముందు తూర్పుకి పోయి తిరిగింది, అత్తమ్మ "ఉప్పల్ పోతున్నమా మళ్లీ" అన్నదట. దుబాయ్‌లో నేల తాకింది అక్కడి టైం 12:27, గేటు దగ్గర ఆగింది 12:41. ముందు సీటు వెనక తెర మీద వేగం 780 దగ్గర చూపించింది, ఎత్తు 38,000. "సరి సంఖ్యనే" అని నాకు చెప్పారు. భోజనం విమానంలోనే తిన్నారు, మందు కూడా టైంకి వేసుకున్నారు.

ఇప్పుడు ఆయన ప్రశ్న: కదలడం పద్దెనిమిది నిమిషాలు ఆలస్యమైతే చేరడం పదకొండు నిమిషాలే ఎందుకు ఆలస్యమైంది?


రాడార్_తాతయ్య
డిసెంబరు 23, రాత్రి 9:30

ఆయన్ని మా ఆఫీసులో చేర్చుకోవాల్సింది! టికెట్ మీద కలిపి పెట్టిన నిమిషాల్లో ఏడు వాడుకున్నారు. గాల్లో 3:22 ఉన్నారు, గాలి కూడా మరీ ఎదురు లేదు ఆ రోజు. 15 లోపు చేరారు కాబట్టి కంపెనీ పుస్తకాల్లో ఈ విమానం సమయానికే వచ్చింది.


నిజామాబాద్_సలీం
డిసెంబరు 24, ఉదయం 10:10

ఇదంతా చదివినంక అడుగుతున్న. మా తమ్ముడు దమ్మాం పోతున్నడు. అది ఎంత దూరం, దానికి టైం తేడా ఎంత?


లెక్కల_మాస్టారు
డిసెంబరు 24, ఉదయం 10:45

సలీం గారూ, హైదరాబాద్ నుంచి దమ్మాం 3,120 కి.మీ. దుబాయ్ కంటే 570 ఎక్కువ. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. కాబట్టి టికెట్ మీద కనిపించే టైంకి పోయేటప్పుడు రెండున్నర కలుపుకోండి, వచ్చేటప్పుడు తీసేయండి. డైరెక్ట్ విమానమో కాదో ముందు చూసుకోండి, మధ్యలో ఆగేదైతే ఈ దూరం లెక్క పనికిరాదు.


సిరిసిల్ల_అనూష
డిసెంబరు 24, ఉదయం 11:20

తాతగారూ, ఇంకొక్కటి. తిరుగు ప్రయాణం మార్చి ఆఖరి రోజుల్లో. అప్పటికి కూడా ఈ గాలి ఉంటుందా, టికెట్ మీద 3:25 అనే ఉంది.


రాడార్_తాతయ్య
డిసెంబరు 24, మధ్యాహ్నం 12:05

గాలి ఉంటుంది, మార్చిలో పడమటి జెట్ ఇంకా బలంగానే ఉంటుంది. చూసుకోవాల్సింది గాలి కాదు, షెడ్యూలు. మార్చి ఆఖరి ఆదివారం నుంచి విమాన కంపెనీలకి వేసవి షెడ్యూలు మొదలవుతుంది. బయలుదేరే టైములు ఆ రోజు నుంచి మారుతుంటాయి. టికెట్ ఇప్పుడే కొన్నారు కాబట్టి 1:30 అన్నది మారి ఉండొచ్చు. మార్చి మధ్యలో ఒకసారి కంపెనీ సైట్‌లో చూడు. మెసేజ్ వస్తుందిలే అని ఊరుకోకు, బుకింగ్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు ఏజెంటుదైతే ఆ మెసేజ్ ఆయనకే పోతుంది.


సిరిసిల్ల_అనూష
డిసెంబరు 24, మధ్యాహ్నం 12:20

నంబరు ఏజెంటుదే ఇచ్చాం. ఈ రోజే మార్పిస్తాను.